సైకిలు చక్రం: వేగానికీ నమ్మకానికీ మధ్య రెండు శతాబ్దాల పేచీ



సైకిలు కొనేటప్పుడు మనలో చాలామంది ముందు రంగు చూస్తాం, తర్వాత ఫ్రేము చూస్తాం. పందెపు సైకిళ్లు నడిపేవారు మాత్రం మొదట చక్రాలు చూస్తారు. ఉన్న సైకిలును మెరుగు చేసుకోవాలంటే డబ్బు దేనిమీద పెట్టాలని అడిగితే వారిలో ఎక్కువమంది చక్రాల పేరే చెబుతారు. ఇవాళ బజారులో కొన్ని వేల రూపాయలకు వచ్చే అల్యూమినియం చక్రాల జత నుంచి రెండు లక్షలు దాటే కార్బన్ జత వరకు అన్నీ దొరుకుతాయి. కొనేవారి కోరికలు మాత్రం రెండే. చక్రం వేగంగా పోవాలి, దారిలో మోసం చేయకూడదు.

ఈ రెండు కోరికలకూ మధ్య పేచీ సైకిలు పుట్టినప్పటి నుంచీ ఉంది. చరిత్రలో దీన్ని ఎవరు ఎలా తీర్చారో తెలిస్తే, దుకాణంలో వినిపించే గొప్పల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలో మనమే తూచుకోగలం. అందుకే ఈ పాఠంలో చక్రాన్ని ఒక్కదాన్నే తీసుకుందాం.

కర్ర ఆకుల నుంచి ఉక్కు తీగలకు

1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్ నగరం నుంచి కార్ల్ డ్రైస్ తాను తయారు చేసిన రెండు చక్రాల బండిమీద బయలుదేరాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. దాని చక్రాలు మన ఎడ్లబండి చక్రాలకు చిన్న తమ్ముళ్లు. కర్ర ఆకులు, కర్ర వలయం, దానిమీద ఇనుప కట్టు. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు వచ్చాయి కాని చక్రం అదే. రాళ్లు పరచిన వీధుల్లో దానిమీద పోతే ఒళ్లు హూనమయ్యేది. ఇంగ్లండు జనం దానికి ‘ఎముకలు కదిలించే బండి’ అని పేరు పెట్టారంటే ఆశ్చర్యం లేదు.

కర్ర చక్రం బరువును ఎలా మోస్తుంది? ఇరుసు మీద పడిన బరువు కిందివైపు ఉన్న ఆకుల మీద నిలబడుతుంది, ఇంటి కప్పు స్తంభాల మీద నిలిచినట్టుగా. స్తంభం సన్నగా ఉంటే వంగుతుంది. కాబట్టి ఆకు లావుగా ఉండాలి, లావైతే బరువు తప్పదు. ఇదే వస్తువును నిలబెట్టకుండా లాగి చూడండి, లెక్క మారిపోతుంది. 2 మిల్లీమీటర్ల ఉక్కు తీగను నిలువుగా పెట్టి పైనుంచి వేలితో నొక్కినా వంగిపోతుంది. అదే తీగకు రెండు వందల కిలోల బరువు వేలాడదీసినా తెగదు.

ఈ కిటుకు మొదట తట్టింది సైకిళ్ల వాడికి కాదు. ఆకాశంలో ఎగరాలని కలలు కన్న ఇంగ్లీషు పెద్దమనిషి జార్జ్ కేలీకి. ఎగిరే యంత్రానికి తేలికైన చక్రం ఎలా చేయాలా అని ఆలోచిస్తూ, ఆకుల బదులు బిగించిన తాళ్లతో చక్రం చేయవచ్చని 1808లో తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. విమానం కల నుంచి సైకిలు చక్రం పుట్టింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1903లో, తొలి విమానం ఎగరేసిన రైట్ సోదరులు సైకిలు దుకాణం నడిపినవారే. ఆ అప్పు అలా తీరింది అనుకోవచ్చు.

1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగల చక్రానికి పేటెంట్ పొందాడు. మరుసటి ఏడాది ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ కలిసి తీగ చక్రాలతో ‘ఏరియల్’ అనే సైకిలుకు పేటెంట్ తీసుకున్నారు. 1874లో స్టార్లీ ఇంకో అడుగు వేశాడు. అంతవరకు స్పోకులు హబ్బు నుంచి రిమ్ముకు సూటిగా, సూర్యకిరణాల్లా పోయేవి. పెడలు తొక్కితే హబ్బు తిరగబోతుంది, కాని సూటిగా ఉన్న స్పోకు ఆ తిప్పుడును రిమ్ముకు సరిగా అందించలేదు. ముందు హబ్బు కాస్త మెలితిరిగి, ఆ తర్వాతే రిమ్ము కదులుతుంది. స్టార్లీ స్పోకులను హబ్బు అంచుకు పక్కవాటుగా, ఒకదాన్నొకటి దాటేలా అల్లాడు. సగం స్పోకులు ముందుకు లాగుతాయి, సగం వెనక్కి. మీ ఇంట్లో సైకిలు ఉంటే వెనుక చక్రం చూడండి. నూట యాభై ఏళ్ల కిందటి ఆ అల్లికే కనిపిస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. చక్రాల గురించి చెప్పే చాలామంది దాటేసే విషయం ఇక్కడే ఉంది. తీగ చక్రంలో అన్ని స్పోకులూ ముందే గట్టిగా బిగించి ఉంటాయి. మనం సైకిలు ఎక్కగానే నేలకు దగ్గరగా ఉన్న మూడు నాలుగు స్పోకుల బిగువు కొంచెం తగ్గుతుంది. మిగతావాటిలో మార్పు చాలా స్వల్పం. అమెరికా ఇంజనీరు జాబ్స్ట్ బ్రాంట్ 1981లో ప్రచురించిన సైకిలు చక్రం పుస్తకంలో దీన్ని లెక్క కట్టి చూపాడు. చక్రం ఒక్కసారి తిరిగితే ప్రతి స్పోకూ ఒక్కసారి వదులై మళ్లీ బిగుస్తుంది. వంద కిలోమీటర్లు పోయేసరికి ఇలా దాదాపు 48 వేల సార్లు జరుగుతుంది. ఒక ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది కదా! స్పోకు తెగడమూ అలాంటిదే. పెద్ద గుంటలో పడ్డందుకు తెగే స్పోకులు తక్కువ, రోజూ వదులవుతూ అలసి తెగేవే ఎక్కువ. కాబట్టి వదులుగా ఉన్న లావు స్పోకుల కన్నా, సమానంగా గట్టిగా బిగించిన సన్న స్పోకులే ఎక్కువ కాలం నిలుస్తాయి. మన సైకిలు షాపులో ‘బెండు తీయడం’ అంటాం చూడండి, చక్రాన్ని తిప్పుతూ ఒక్కో నిపుల్‌నీ పావు చుట్టు బిగిస్తూ సరిచేసే పని. చక్రం మన్నికలో సగం ఆ చేతిలోనే ఉంది. పెట్టె మీది కంపెనీ పేరు ఆ పనిని చేయలేదు.

తీగ చక్రం తేలిక కాబట్టి దాన్ని ఎంత పెద్దదిగానైనా చేయవచ్చు. అప్పట్లో గొలుసు లేదు, పెడలు నేరుగా ముందు చక్రానికే. చక్రం ఎంత పెద్దదైతే ఒక్క తొక్కుడుకు అంత దూరం. అలా మనిషి కాళ్లు అందినంత వరకు ముందు చక్రం పెరిగి, గుర్రమంత ఎత్తు సైకిలు తయారైంది. వేగం వచ్చింది, భద్రత పోయింది. చిన్న రాయి తగిలితే చాలు, తల ముందుగా నేలకు. అయినా థామస్ స్టీవెన్స్ అనే యువకుడు 1884 నుంచి 1886 వరకు అలాంటి సైకిలు మీద ప్రపంచం చుట్టాడు. 1886లో లాహోరు నుంచి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కుకుంటూ వెళ్లాడు. ఆయన చక్రాలకు ఉన్నది గట్టి రబ్బరు పట్టీ మాత్రమే.

1885లో జేమ్స్ స్టార్లీ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ను తెచ్చాడు. గొలుసుతో వెనుక చక్రాన్ని తిప్పే ఈ సైకిలుకు పెద్ద చక్రం అవసరం లేకపోయింది. ప్రమాదం తగ్గింది. కాని చిన్న చక్రం ప్రతి గుంటలోకీ దిగుతుంది, కుదుపు ఎక్కువ. ఒక సమస్య తీరి ఇంకోటి వచ్చింది.

గాలి నింపిన పశువైద్యుడు

ఆ కుదుపుకు మందు కనిపెట్టినవాడు నిజంగానే వైద్యుడు, కాకపోతే పశువులకు. జాన్ బాయ్డ్ డన్‌లప్ స్కాట్లండు మనిషి, బెల్‌ఫాస్టులో పశువైద్యం చేసేవాడు. 1887లో తన కొడుకు మూడు చక్రాల బండి కోసం రబ్బరు గొట్టంలో గాలి నింపి, గుడ్డతో కప్పి చక్రానికి బిగించాడు. 1888లో పేటెంట్ వచ్చింది. నిజానికి ఇదే ఆలోచనకు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంట్ తీసుకున్నాడు. అది గుర్రబ్బండ్ల కాలం, ఎవరికీ పట్టలేదు. ఆ పాత పేటెంట్ బయటపడటంతో డన్‌లప్ పేటెంట్ 1890లో చెల్లకుండా పోయింది. కనిపెట్టడానికీ కాలం కలిసి రావాలి.

గాలి టైరు సుఖానికి తప్ప వేగానికి పనికిరాదని జనం అనుకున్నారు. లావుగా, మెత్తగా ఉన్నది వేగంగా ఎలా పోతుంది? 1889 మే నెలలో బెల్‌ఫాస్టు కళాశాల క్రీడల్లో విలీ హ్యూమ్ అనే రౌతు గాలి టైర్లతో వచ్చినప్పుడు చూసినవారు నవ్వారు. పందెం అయ్యాక నవ్వు ఆగిపోయింది, హ్యూమ్ గెలిచాడు.

కారణం ఇది. గట్టి చక్రం రాయి మీదకు ఎక్కినప్పుడల్లా సైకిలూ మనిషీ కలిసి పైకి లేస్తారు. ముందుకు పోవడానికి పెట్టిన శక్తిలో కొంత ఇలా ఎగిరిపడటానికి ఖర్చవుతుంది. గాలి టైరు ఆ రాయిని తనలో ఇముడ్చుకుంటుంది. మనిషి లేవడు, శక్తి మిగులుతుంది. సైకిలు చరిత్రలో వేగాన్ని అన్నిటికన్నా ఎక్కువ పెంచిన మార్పు ఇదే అని నా అభిప్రాయం. అది వచ్చింది బరువు తగ్గించడం వల్ల కాదు, రోడ్డు కొట్టే దెబ్బను తగ్గించడం వల్ల. ఈ మాట గుర్తుంచుకోండి, చివర మళ్లీ అవసరం వస్తుంది.

మరి నమ్మకం? డన్‌లప్ టైరు రిమ్ముకు అంటించి ఉండేది. పంక్చరు పడితే విప్పి, అతికి, ఆరబెట్టడానికి గంటలు పట్టేది. ఫ్రాన్సులోని క్లెర్మాన్ ఫెరాన్‌లో రబ్బరు కర్మాగారం నడుపుతున్న మిషెలిన్ సోదరులు 1891లో విప్పి మళ్లీ తొడిగే టైరుకు పేటెంట్ తీసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగి పారిస్ రావాలనే పందెం జరిగింది. దూరం దాదాపు 1200 కిలోమీటర్లు. మిషెలిన్ టైర్లు వేసుకున్న షార్ల్ టెరాన్ 71 గంటలకు పైగా దాదాపు నిద్ర లేకుండా తొక్కి గెలిచాడు. డన్‌లప్ టైర్ల మీద వచ్చిన జియెల్ లావాల్ గంటల తరబడి వెనకబడి రెండో స్థానంలో నిలిచాడు. ఎవరి టైరుకు పంక్చర్లు పడలేదన్నది ఇక్కడ లెక్క కాదు, పడినప్పుడు ఎవరు త్వరగా లేచారన్నదే లెక్క. నమ్మకానికి ఇది కొత్త అర్థం. ఎప్పుడూ చెడిపోనిదే నమ్మకమైన వస్తువు అనుకుంటాం. చెడినా దారి పక్కన కూర్చుని మనమే బాగుచేసుకోగలిగినదీ నమ్మకమైనదే.

గోడ మీద కూర్చున్న కుర్రాడు

1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలైంది. నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్ పట్టుదల మనిషి. రౌతు తన సైకిలును తానే బాగుచేసుకోవాలని నియమం. 1913లో పిరనీస్ కొండల్లో యూజీన్ క్రిస్టోఫ్ సైకిలు ముందు ఫోర్కు విరిగింది. సైకిలు మోసుకుంటూ కొండ దిగి, ఊళ్లో కమ్మరి కొలిమిలో తానే అతుక్కున్నాడు. ఒక పిల్లవాడు తిత్తి ఊదాడని దానికీ జరిమానా వేశారు! అలాంటి పందెంలో చక్రం తేలికగా ఉంటే చాలదు. ఆనాటి ఫొటోల్లో రౌతుల భుజాలకు అడ్డంగా చుట్టుకున్న టైర్లు కనిపిస్తాయి. అవి అలంకారం కాదు, వారి బీమా.

రిమ్ములు చాలాకాలం కర్రవే. 1934 టూర్‌లో ఫ్రెంచి రౌతు ఆంటొనాన్ మాన్యు, మావిక్ కంపెనీ తయారు చేసిన డ్యురాల్యూమిన్ రిమ్ములు వాడాడు. లోపల బోలుగా ఉన్న ఆ లోహపు రిమ్ము కర్ర రిమ్ముకన్నా బాగా తేలిక. లోహపు రిమ్ములకు అప్పటికి అనుమతి లేకపోవడంతో వాటికి కర్ర రంగు వేశారని చెబుతారు.

అదే పందెంలో చక్రానికి సంబంధించిన ఇంకో ఘటన జరిగింది. ఫ్రాన్సు జట్టులో ఇరవై ఏళ్ల రెనే వియెట్టో కొండలు ఎక్కడంలో అందరినీ మించిపోతున్నాడు. నాయకుడు మాన్యు. పిరనీస్ కొండ దిగుతూ మాన్యు పడిపోయి ముందు చక్రం పాడు చేసుకున్నాడు. వియెట్టో తన చక్రం విప్పి ఇచ్చాడు. తర్వాత సహాయ వాహనం కోసం రోడ్డు పక్క గోడ మీద కూర్చుని ఏడుస్తున్న అతని ఫొటో ఫ్రాన్సు అంతా చూసింది. మర్నాడు మాన్యు సైకిలు మళ్లీ మొరాయిస్తే, ముందు పోతున్న వియెట్టో వెనక్కి తిరిగి కొండ ఎక్కి వచ్చి తన సైకిలునే ఇచ్చాడు. మాన్యు ఆ ఏటి టూర్ గెలిచాడు. వియెట్టో అయిదో స్థానంలో మిగిలాడు, ఆ తర్వాత ఏనాడూ టూర్ గెలవలేదు.

ఈ కథను సాధారణంగా త్యాగానికి ఉదాహరణగా చెబుతారు. చక్రాల చరిత్రలో దాని స్థానం వేరు. పందెపు చక్రానికి వెనకాల ఇంకో చక్రం సిద్ధంగా ఉంటుందన్న ఏర్పాటు ఆ కాలంలోనే రూపు కట్టింది. 1930లలో ఇటలీకి చెందిన తులియో కంపాన్యోలో మీట తిప్పితే ఊడివచ్చే ఇరుసును ప్రచారంలోకి తెచ్చాడు. 1970ల నుంచి 2020 వరకు టూర్‌లో మావిక్ పసుపు కార్లు కప్పు మీద చక్రాలు పెట్టుకుని రౌతుల వెంట తిరిగాయి. చక్రం పాడైతే అర నిమిషంలో మరొకటి. ఆ ధైర్యంతోనే తయారీదారులు స్పోకులు తగ్గించారు, రిమ్ములు పలచన చేశారు.

గాలిని చీల్చే చక్రాలు

1972లో ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పాడు. అప్పటి ఆలోచన అంతా బరువు మీదే. 1984 జనవరిలో ఫ్రాంచెస్కో మోజర్ అదే నగరంలో 51.151 కిలోమీటర్లు తొక్కాడు. అతని చక్రాలకు స్పోకులే లేవు, పళ్లేల్లా మూసి ఉన్నాయి, మామూలు చక్రాలకన్నా బరువు కూడా. సైకిలు ఆకారం, ఒంటిని అంటుకునే దుస్తులు, కొత్త తరహా శిక్షణ కూడా తోడయ్యాయి కాబట్టి ఘనత అంతా చక్రాలదే అనలేం. కాని బరువైన చక్రం తేలికైన చక్రాన్ని ఓడించగలదని లోకానికి అర్థమైంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలులో, చక్రం పైభాగం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ముందుకు కదులుతూ ఉంటుంది. అక్కడ ప్రతి స్పోకూ గాలిని చితకబాదుతుంది. దాన్ని తగ్గించడానికే లోతైన రిమ్ములు, తక్కువ స్పోకులు వచ్చాయి. దీనికి మూల్యం పక్కగాలి. పళ్లెం చక్రాన్ని గాలి తెరచాపలా పట్టుకుంటుంది. గుంపుగా సాగే రోడ్డు పందేల్లో అందుకే దాన్ని అనుమతించరు.

బరువు మాటేమిటి? ఒక లెక్క వేద్దాం. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలు అనుకుందాం. ఖరీదైన చక్రాలతో 400 గ్రాములు తగ్గాయి. అంటే నూటికి అర వంతు. అనంతగిరి ఘాటు రోడ్డు లాంటి ఎత్తును గంటసేపు ఎక్కితే కలిసివచ్చేది సుమారు 18 సెకన్లు. పందెంలో 18 సెకన్లు చాలా ఎక్కువ, మనకు మంచినీళ్లు తాగేంత సేపు. అయినా దుకాణంలో అందరూ బరువే అడుగుతారు. దాన్ని తూకం వేయడం తేలిక కాబట్టి!

ఇక టైర్లు. 1990లలో పందెపు టైరు 20 నుంచి 23 మిల్లీమీటర్ల వెడల్పు, రాయిలా గట్టిగా గాలి. ఇవాళ 28 మిల్లీమీటర్లు, గాలి తక్కువ. నున్నటి ప్రయోగశాల డ్రమ్ము మీద గట్టి టైరు గెలిచేది, నిజమైన రోడ్డు మీద ఓడిపోయేది. డన్‌లప్ 1888లో చెప్పినదాన్ని పందెపు లోకం నూరేళ్ల తర్వాత మళ్లీ నేర్చుకుంది. 2018 నుంచి రోడ్డు పందేల్లో డిస్కు బ్రేకులకు పూర్తి అనుమతి రావడం కూడా కలిసొచ్చింది. బ్రేకు రిమ్మును రుద్దడం మానేసింది కాబట్టి వెడల్పు టైర్లకు చోటు దొరికింది. కార్బన్ రిమ్ములు లోయలోకి దిగేటప్పుడు వేడెక్కి పాడయ్యే భయం పోయింది.

మన రోడ్డు, మన చక్రం

మద్రాసులో టీఐ కంపెనీ, అసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ, లూధియానాలో హీరో కర్మాగారాలు తయారు చేసిన నల్ల సైకిలును ఈ దృష్టితో చూడండి. 28 అంగుళాల ఉక్కు చక్రాలు. ముందు 32 స్పోకులు, వెనుక 40. రెండింటికీ సమానంగా ఎందుకు లేవు? పాల బిందెలు, బియ్యం బస్తా, భార్యాపిల్లలు అందరూ వెనుక చక్రం మీదే కదా. బ్రిటిష్ పద్ధతిగా వచ్చిన ఆ లెక్క మన పల్లె బతుకుకు అతికినట్టు సరిపోయింది. ఒక స్పోకు తెగినా మిగిలిన 39 ఇంటిదాకా చేరుస్తాయి. ఉక్కు రిమ్ము వంగుతుంది కాని హఠాత్తుగా పగలదు. సుత్తి, స్పోకు తాళం ఉన్న ఏ షాపులోనైనా మళ్లీ దారికి వస్తుంది. దాన్ని నిదానమైన చక్రమని వెక్కిరించేవారు దాని వెనకాల పసుపు కారు లేదన్న సంగతి మరచిపోతారు.

కాబట్టి కొత్త చక్రాలు ఎంచుకునేవారు ధర కన్నా, గ్రాముల కన్నా ముందు అడగవలసింది ఒకటుంది: ఇది పాడైతే నా వెనుక ఎవరున్నారు? మూసిన రోడ్డు మీద గంటసేపు జరిగే పందెమైతే లోతైన కార్బన్ రిమ్ము, 20 స్పోకులు బాగానే ఉంటాయి. కాలేజీకి రోజూ పోయే సైకిలుకు, లేదా తెల్లవారుజామున బయలుదేరి రెండు వందల కిలోమీటర్లు ఒంటరిగా పోయే సైకిలుకు, 28 మిల్లీమీటర్లు ఆపైన టైరు పట్టే వెడల్పాటి అల్యూమినియం రిమ్ము, 28 లేదా 32 మామూలు స్పోకులు, మంచి చేతి బిగింపు చాలు. మామూలు స్పోకులు అని ఎందుకన్నానంటే, కొన్ని కంపెనీల చక్రాలకు వాటికే సరిపోయే ప్రత్యేక స్పోకులు ఉంటాయి. తెగితే పట్నంలోనే దొరకవు, ఇక పల్లెలో ఎక్కడ దొరుకుతాయి? డబ్బు మిగిలితే మంచి టైర్లమీద పెట్టండి. ఖర్చు పెట్టిన రూపాయికి అంత వేగం ఇచ్చేది ఇంకోటి లేదు.

టెరాన్ గెలిచిన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఇప్పటికీ నాలుగేళ్లకోసారి జరుగుతోంది. ఇప్పుడది పందెం కాదు. 1200 కిలోమీటర్లను గరిష్ఠంగా 90 గంటల్లో ముగించాలి. దారిలో వాహనం వెంట రాకూడదు, సాయం నిర్ణీత కేంద్రాల్లోనే. 2019లో భారతదేశం నుంచి వందల మంది ఇందులో పాల్గొన్నారు, హైదరాబాదులో సాధన చేసి వెళ్లినవారూ వారిలో ఉన్నారు. ఇలాంటి దూరాలు పోయేవారి సైకిళ్లను దగ్గరగా చూస్తే కొన్నిటి వెనుక చక్రం పక్కన, ఫ్రేము గొట్టానికి టేపుతో చుట్టిన రెండు విడి స్పోకులు కనిపిస్తాయి.